తెల్లాయన వదులు చేసిన తీగ

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. అందుకు నా దగ్గర గట్టి కారణమే ఉంది. కాజీపేట యార్డులో తల లేని గార్డు తిరుగుతాడని చాలాకాలం ఒక పుకారు నడిచింది. దాన్ని పుట్టించింది నేనే. మధ్యాహ్నం అన్నం తిన్నాక గార్డు కూర్చునే ఖాళీ బ్రేకు వ్యానులో కునుకు తీయాలి, అటువైపు ఎవరూ రాకూడదు. అంతే. కొన్నేళ్ళకు కొత్తగా వచ్చిన పోర్టరు ఒకడు ఆ గార్డును కళ్ళారా చూశానని నాకే చెప్పాడు. దయ్యాల తయారీ తెలిసినవాడికి దయ్యాల మీద భక్తి నిలవదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఉన్నదాన్ని పెంచి చెప్పే అలవాటు నాకుంది. పెంచిన చోట పెంచానని నేనే ఒప్పుకుంటాను. మిగతాది జరిగింది జరిగినట్టే.

నా పేరు సాంబయ్య. రైల్వేలో గుమాస్తాగా రిటైరయ్యాను. గిటార్ సాంబయ్య అంటే బల్లార్షా నుంచి బెజవాడ దాకా తెలియనివాళ్ళు లేరు. సరే, రైల్వే క్వార్టర్ల దాకా తెలుసు. ఆ పేరు ఒకే ఒక్క బాణీ వల్ల వచ్చింది. మాటలు లేని బాణీ అది. గూడ్సు బండి కదిలేటప్పుడు ఇంజను లాగిన కుదుపు ఒక వ్యాగను నుంచి ఇంకో వ్యాగనుకు పాకిపోతుంది చూడండి, ఆ చప్పుడు గిటారు లావు తీగ మీద వినిపిస్తుంది. పెళ్ళిళ్ళలో, రిటైర్మెంటు సభల్లో ముప్పై ఏళ్ళుగా వాయిస్తున్నాను. నాదేనని చెప్పుకుంటున్నాను.

కాదని చెప్పే మనిషి ఒక్కతే, కమలమ్మ. ఐలయ్య భార్య.

ఐలయ్య నాతోపాటు రైల్వే క్లబ్బులో గిటారు వాయించేవాడు. వాడి ఉద్యోగం బండి చక్రాలను చూడటం. బండి ఆగగానే పొడుగు కర్ర సుత్తెతో ఒక్కో చక్రాన్నీ కొట్టుకుంటూ పోవాలి. మంచి చక్రం ఖంగుమంటుంది, పగులున్నది మొద్దుగా పలుకుతుంది. ఐలయ్యకు ఒక పద్ధతి ఉండేది. రెండు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి, ఆగి, ఇంకొక్కటి కొట్టేవాడు. ఆ మూడో దెబ్బ ఎందుకురా అంటే, చక్రానికి నమ్మకం కలగాలి కదా అనేవాడు. గిటారు పొట్ట మీద కూడా అట్లాగే కొట్టేవాడు. రెండు, ఆగి, ఒకటి.

వాడి గిటారు, కాజీపేట వదిలి ఆస్ట్రేలియా పోతూ ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఇచ్చిపోయింది. డ్రైవరు వెళ్ళిపోయాక చాలా రోజులకు లావు తీగ బిగించే కీ అరిగిపోయింది. తీగ ఎప్పుడూ వదులుగా వేలాడేది. ఇంకొకడైతే కొత్త కీ వేయించుకునేవాడు. ఐలయ్య ఆ వదులు తీగ మీదే బాణీ కట్టాడు. మేమిద్దరం కలిసి కట్టాం.

లేదు. నేను కట్టలేదు. ఒక్క స్వరం కూడా నాది కాదు.

వాడు కామెర్లతో పోయాక నేను వాయించడం మొదలుపెట్టాను. ఎవరిదని అడిగితే మొదట్లో నవ్వి ఊరుకునేవాణ్ణి. తరువాత నాదే అన్నాను. కమలమ్మ నన్ను అడిగింది ఒకటే: పదిమందిలో ఒక్కసారి, ఈ బాణీ ఐలయ్యదని చెప్పమని. ఆ ఒక్క మాట చెబితే గిటార్ సాంబయ్యలో ఇక మిగిలేది సాంబయ్య ఒక్కడే. అందుకే చెప్పలేదు. నేను వాయించే ప్రతి సభకూ ఆమె వచ్చి ముందు వరసలో కూర్చుని, అయిపోయేదాకా నన్నే చూసి, చప్పట్లు కొట్టకుండా లేచిపోయేది.

మొన్న చలికాలంలో ఇంగ్లండు నుంచి ఒక జాజ్ గిటారిస్టు సుబేదారిలోని ఒక కాలేజీకి వచ్చాడు. అక్కడ ఇంగ్లీషు చెప్పే శైలజ నా తమ్ముడి కూతురు. ఊరి పెద్ద కళాకారుడిగా నన్ను పిలిచింది. ఉదయం పదకొండు గంటలకు హాలు కిక్కిరిసిపోయింది. అంటే అరవై మంది ఉన్నారు, అందులో సగం హాజరు కోసం వచ్చిన పిల్లలు. ముందు వరసలో కమలమ్మ. ఆమెను కూడా శైలజే పిలిచిందట, నాకు చెప్పలేదు.

“వచ్చినవా? ఇయ్యాల గూడ మా ఆయనదే కొడ్తవా, వేరేదేమన్న నేర్చుకున్నవా?” అంది కమలమ్మ.

“వదినా, పెద్దమనుషులున్నరు, జర మెల్లగ.”

“నేనేం దొంగతనం చేసిన్నని మెల్లగ మాట్లాడాలె?”

శైలజ మైకు తీసుకుని ఆ ఇంగ్లండు గిటారిస్టు గురించి చెప్పింది. ఇంగ్లండు ఉత్తరాన ఓడలు కట్టే ఊళ్ళో పుట్టాడట, తండ్రి వెల్డరు. సంగీతం కాలేజీ మధ్యలో మానేసి ఏళ్ళ తరబడి ఇతరుల బృందాల్లో వెనక నిలబడి వాయించాడు. ముప్పై దాటాక ఎడమచేతి వేళ్ళు బిగుసుకుపోయి రెండేళ్ళు గిటారు ముట్టలేదు. వాయించలేక బాణీలు రాయడం మొదలుపెట్టాడు. ఆ రాసినవే ఆయనకు పేరు తెచ్చాయి. ఇప్పుడు పెద్ద పెద్ద బృందాలు ఆయన కట్టినవి వాయిస్తాయట. జాజ్ అంటే తాళం తప్పి కూడా ఒప్పుకోకపోవడం అని నా అభిప్రాయం. చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా వంతు రాగానే మన బాణీ వినిపించి ఈయన నోరు మూయించాలని నా ఆలోచన.

నాలుగో పాటకు ముందు ఆయన ఆగాడు. చెయ్యి పడిపోయిన రోజుల్లో కిటికీ దగ్గర కూర్చుని ఉంటే మొట్టమొదట వచ్చింది ఇదేనని చెప్పాడు. వచ్చేటప్పుడే లావు తీగ వదులుగా వినిపించిందట. ఎందుకో తనకూ తెలియదట. అని, కీ తిప్పి తీగను వదులు చేశాడు. బాగా వేలాడేదాకా తిప్పాడు. తరువాత వేళ్ళు మడిచి గిటారు పొట్ట మీద కొట్టాడు. రెండు, ఆగి, ఒకటి.

తరువాత గూడ్సు బండి కదిలింది.

నేను ఒక్క దూకుతో స్టేజీ ఎక్కి ఆయన కాలరు పట్టుకున్నాను. లేదు, పట్టుకోలేదు. మొదటి మెట్టు దగ్గరే మోకాలు పట్టేసింది. అక్కడి నుంచే అరిచాను.

“ఆపుండ్రి. గిది నా బాణీ. గీయన దొంగతనం చేసిండు.”

ఆయన ముఖం ఎర్రబడింది. శైలజతో ఏదో అన్నాడు. ఆమె నా వైపు కోపంగా తిరిగి చెప్పింది. “నీది ఎక్కడన్న రికార్డు ఉందా అని అడుగుతాండు పెద్దబాపూ. ఆయన రికార్డు పాతికేళ్ళ కింద వచ్చిందట. ఈ దేశానికి రావడం ఇదే మొదటిసారట. నీదే అయితే వాయించమంటాండు.”

గిటారు నా చేతికి ఇచ్చాడు. ఇచ్చిన తీరు మర్యాదగా లేదు. నేను కూడా మర్యాదగా తీసుకోలేదు. కూర్చుని వాయించాను. బండి కదలడం, వేగం అందుకోవడం, వంతెన దాటడం. తప్పు లేకుండా వాయించి ఆపాను.

“తరువాత?” అన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు. అయిపోయింది అన్నాను. ఆయన నవ్వాడు. మంచి నవ్వు కాదది. గిటారు లాక్కుని, నేను ఆపిన చోటు నుంచి మొదలుపెట్టాడు.

ఆ ముక్క నేను అంతకుముందు వినలేదు. బండి మెల్లగా ఆగుతుంది. ఇంజను విడిపోయి దూరంగా పోతుంది. నిలబడిన బండి పక్కన ఒక మనిషి నడుస్తాడు. ఒక్కో చక్రం దగ్గరా ఆగుతాడు. రెండు, ఆగి, ఒకటి. ప్రతిసారీ ఆ ఆగడం కొంచెం పెరుగుతూ పోతుంది.

అప్పుడు ముందు వరసలో ఇనుప కుర్చీ మోగింది. కమలమ్మ ఉంగరంతో కొడుతోంది. ఆయన కొట్టాక కాదు, ఆయన కంటే ముందే. తరువాతి ఆగడం ఎంతసేపో ఆమెకు తెలుసు. ఆయన బిత్తరపోయి వాయించడం ఆపేశాడు. ఆమె ఆపలేదు. మిగిలిన దెబ్బలు మిగిలినట్టే కొట్టుకుంటూ పోయింది. చివరి చక్రం దగ్గర ఆయన మళ్ళీ కలిశాడు. ఇద్దరూ ఒకేసారి ముగించారు.

హాల్లో పిల్లలు ఫోన్లు కిందికి దించారు.

“నీకెట్ల తెలుసమ్మా?” అంది శైలజ.

“మా ఆయన ఇంట్ల వాయించెటోడు. నా ఒక్కదాని ముందటనే. గీ సాంబయ్య ఉంటే మాత్రం ఆ ముక్క వాయించకపోయెటోడు.”

“ఎందుకని?”

“ఎందుకంటే ఏం చెప్పాలె బిడ్డా. దొంగ దోస్తు అని ఆయనకు ఎరుకే.”

గిటారిస్టు శైలజను అడిగి ఆ మాటల అర్థం తెలుసుకున్నాడు. కమలమ్మకు తల వంచి దండం పెట్టాడు. తరువాత నా వైపు తిరిగి, ఈ బాణీ ఎవరిదో చెప్పమన్నాడు. నేను మైకు తీసుకుని, అందరి ముందు, ఇది ఐలయ్యదని చెప్పాను.

చెప్పలేదు. నేను తెచ్చుకున్న నా గిటారును సంచిలో దోపుకుని పక్క తలుపు నుంచి వచ్చేశాను. ఆటో ఎక్కేదాకా వెనక్కి చూడలేదు.

తరువాత లెక్కలు వేసి చూశాను. ఐలయ్య బాణీ ఎక్కడా రికార్డు కాలేదు. చివరి ముక్క వాడి ఇంటి గడప దాటలేదు. గిటారు ఇచ్చిన డ్రైవరు ఆ కీ పాడవకముందే దేశం వదిలాడు. ఆ గిటారు ఇప్పటికీ కమలమ్మ ఇంటి గోడకే ఉంది, నన్ను ముట్టనివ్వదు. తెల్లాయనకు బాణీ వచ్చింది సరిగ్గా ఐలయ్య పోయిన ఏడాదే అని నేను కాజీపేటలో అందరికీ చెప్పాను. అది పెంచిన మాట. నాలుగేళ్ళ తేడా ఉంది. రైళ్ళే వేళకు రావు, చచ్చినవాళ్ళు ఎందుకు వస్తారు? కాని ఆ రెండు, ఆగి, ఒకటి మాత్రం నేను పెంచింది కాదు. అరవై మంది విన్నారు.

ఇక్కడిదాకా రాసి శైలజతో కమలమ్మకు చదివించాను. మొత్తం విని, “కాగితం మీద ఎవ్వడైన మంచోడే. పదిమందిల చెప్పుమను” అందట.

ఉగాదికి క్లబ్బులో సభ ఉంది. చెబుతానని శైలజతో కబురు పంపాను. కమలమ్మ నమ్మలేదు. నేను కూడా పూర్తిగా నమ్మడం లేదు. అందుకే తప్పించుకోకుండా ముందే ఇక్కడ రాసి పెడుతున్నాను: ఆ బాణీ ఐలయ్యది, మొదలూ చివరా రెండూ.

ఆ చివరి ముక్క తెల్లాయన దగ్గరికి ఎట్లా పోయిందో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. నా దగ్గరికి ఎందుకు రాలేదో మాత్రం తెలిసింది.