గడకు అందని నీళ్ళు

కొల్లేట్లో తన గడకు అందని లోతు లేదని పెద్దిరాజు ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు. నడుంలోతు నీళ్ళలో దోనె నడిపేవాడికి ఆ మాత్రం గర్వం ఉండాల్సిందే మరి.

పంతొమ్మిదివందల ముప్ఫయ్యారులో ఏలూరు ప్లీడరు అచ్యుతరావుగారు మద్రాసు నుంచి చక్రం బిగించిన గాలపుకర్ర తెప్పించారు. సరదాకి సముద్రంలో పెద్ద సూరచేపను పట్టాలట. తీసుకెళ్ళడానికి ఆయనకు పెద్దిరాజే దొరికాడు.

"నీకు సముద్రం అలవాటేనా?" అని అడిగారు.

"అదీ నీళ్ళే కదండీ," అన్నాడు పెద్దిరాజు.

మేధావులిద్దరూ ఉప్పుటేరు వెంట బయల్దేరారు. చివర్లో ఏటివాలే దోనెను సముద్రంలోకి తోసింది. కాసేపటికి సూరచేప గాలానికి తగిలి, దోనెతో సహా ఇద్దర్నీ లాక్కుపోసాగింది.

"ఆపవయ్యా!" అని ప్లీడరుగారు కేక పెట్టారు.

కొల్లేట్లో ఆపినట్టే పెద్దిరాజు బలమంతా పెట్టి గడను కిందికి గుచ్చాడు. అది చేతుల్లోంచి జారి మునిగి, ఎక్కడో వెనక తేలింది. ఆ వెంటనే గాలపుతాడూ తెగింది.

సముద్రం జాలర్లు నవ్వలేక చస్తూ ఇద్దర్నీ ఒడ్డుకు చేర్చారు.

సముద్రం ఎలా ఉందని ఊళ్ళో అడిగితే పెద్దిరాజు పెదవి విరిచాడు.

"అదేం పనితనవండీ! అన్ని నీళ్ళు పోశారు గానీ, కింద నేల వెయ్యడం మర్చిపోయారండీ."