గడ్డపార గాలిలో ఉండగా తెర దించిన వైనం

2006 ఫిబ్రవరి 11, శనివారం, సాయంత్రం సరిగ్గా ఐదు గంటల పది నిమిషాలకు వనపర్తిలోని ఒక సభామందిరంలో తెర లేచింది. ఆరు గంటల పది నిమిషాలకు అదే తెర పడింది. ఈ అరవై నిమిషాల్లో నేను, అనగా మా వంశంలో మొట్టమొదటి పట్టభద్రుడను, ఇస్త్రీ అంగీ జేబులో రెండు పెన్నులు ధరించినవాడను, ఒక చక్కని నాటికను నిలువునా నరికాను. ఏ పాపం ఎరుగని ఒక నటుణ్ణి హంతకుణ్ణి చేశాను. మూడు వందల మంది ఎదుట కన్నతండ్రి చేత తిట్లు తినే అర్హత సంపాదించాను. ఇంత పని ఒక్క గంటలో ముగించడం సామాన్యులకు సాధ్యం కాదని సవినయంగా మనవి చేస్తున్నాను.

నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ ముగించి, వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతున్న రోజులవి. నాకు నాటికలంటే పిచ్చి. కిరీటాలూ గదలూ ఉన్న పెద్ద నాటకాలను గౌరవంతో దూరం నుంచి చూసేవాణ్ణి. నాటిక అలా కాదు. ఒక నులక మంచం, ఒక నీళ్ల బిందె, నలుగురు మనుషులు. గంటసేపట్లో ఒక కుటుంబం మన కళ్లముందే చీలి, కుమిలి, ఒక కొలిక్కి వస్తుంది. భర్త మాట్లాడకుండా కంచం పక్కకు జరిపితే చాలు, మూడో వరుసలో కూర్చున్న నేను బావురుమనేవాణ్ణి. బడిలో తోటి ఉపాధ్యాయులు నన్ను నాటికలకు తోడు తీసుకుపోవడం మానేశారు. నా ఏడుపులో సంభాషణలు వినబడడం లేదన్నది వారి ఫిర్యాదు.

ఆ ఏడాది నాటిక పోటీల నిర్వాహక సంఘంలో నాకు చోటు దక్కింది. కార్యదర్శిగారు విశ్రాంత ప్రధానోపాధ్యాయులు. మేమంతా ఆయనను పెద్దసారు అనేవాళ్లం. ఆయన నా చేతిలో ఒక ఇత్తడి గంట, ఒక గడియారం, పద్నాలుగు నియమాలు టైపు చేసిన కాగితం పెట్టారు.

"నర్సిములూ, నువ్వు సమయపాలకుడివి. తెర లేచినంక గంట సేపు. యాభై ఐదో నిమిషానికి ఒకసారి గంట కొట్టాలె. అరవై కాంగనే తెర దించాలె. మొహమాటాలకు పోవద్దు సుమా."

మొహమాటమా? నేనా? ఆ కాగితాన్ని నేను పరీక్షకు చదివినట్టు చదివాను. పద్నాలుగు నియమాలూ వెనక నుంచి ముందుకు కూడా అప్పజెప్పగలిగే స్థితికి చేరుకున్నాను.

ఇక నా రహస్య పథకం సంగతి. శ్రీరంగాపూర్ అవతల మా ఊళ్లో మా నాయిన బాలయ్యకూ, మా చిన్నాయిన కిష్టయ్యకూ ఆరేళ్లుగా మాటల్లేవు. కారణం ఒక్క బోరు. దానికి ఇద్దరూ వంతులు వేసుకున్నారు: పొద్దున మూడు గంటలు నాయినది, ఆ తరువాత మూడు గంటలు చిన్నాయినది. ఒకనాడు నాయిన వంతులో గంటసేపు కరెంటు పోయింది. "పోయిన గంట నాకు మల్ల రావాలె" అన్నాడు నాయిన. "గడియారం ప్రకారం నా వంతు షురూ అయింది" అన్నాడు చిన్నాయిన. అంతే. ఆ గంట ఆరేళ్లు నడిచింది.

మాట్లాడవలసి వస్తే మా బర్రెతో మాట్లాడేవారు.

"ఓసి బర్రె, కొందరికి మోటరు బందు జేసే బుద్ధి ఎప్పుడొస్తదో జర అడుగు" అనేవాడు నాయిన.

"గడియారం సూసుడు తెల్వనోళ్లతోని నాకు మాటలేందని చెప్పవే బర్రె" అనేవాడు చిన్నాయిన.

ఆ బర్రె ఆరేళ్లు రాయబారం నడిపి, మధ్యలో మూడు దూడలను కూడా కని, ఒక్కనాడూ మాట మార్చి చెప్పలేదు.

పోటీలకు వారం ముందు కబురు తెలిసింది: చిన్నాయిన తన చెలకలో, మా బోరుకు ఇరవై అడుగుల దూరంలో, వేరే బోరు వేయిస్తున్నాడట. సోమవారం బోరు బండి వస్తుందట. మా నేలలో ఇరవై అడుగుల దూరంలో రెండు బోర్లంటే, రెంటిలోనూ దుమ్మే. అన్నదమ్ములు సోమవారంలోపు మాట్లాడుకోకపోతే రెండు కుటుంబాలకూ సాగు లేదు.

సరిగ్గా అప్పుడే గద్వాల బృందం పంపిన నాటిక ప్రతి నా చేతికి వచ్చింది. చదివి మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను. ఇద్దరు అన్నదమ్ములు ఇంటి నడుమ గోడ కట్టుకుంటారు. తమ్ముడి భార్య గోడ మీదుగా బావగారికి కూర గిన్నె అందిస్తే, ఆయన తీసుకోడు. చివరన కోపం పట్టలేక అన్న గడ్డపార ఎత్తి తమ్ముడి మీదికి వస్తాడు. తమ్ముడు కళ్లు మూసుకుంటాడు. ఆ గడ్డపార తమ్ముడి తలను దాటిపోయి గోడ మీద పడుతుంది! గోడ కూలుతుంది! అన్నదమ్ములు కౌగిలించుకుంటారు! ఆ గోడ కూలే చప్పుడులోనే మా బోరు తగాదా కూడా కూలడం నాకు స్పష్టంగా వినబడింది.

నాయిననూ చిన్నాయిననూ విడివిడిగా పిలిచాను. "మైకులో నా పేరు చెబుతారు" అన్నాను. ఇద్దరూ వచ్చారు. మూడో వరుసలో పక్కపక్కన నేను దాచి ఉంచిన కుర్చీలు చూసి, నాయిన ఒక కుర్చీ అవతలికి జరిగి, మధ్య కుర్చీలో తువ్వాల పరిచాడు. నిండిన మందిరంలో ఆ తువ్వాల ఒక్కటే హాయిగా కూర్చుని నాటిక చూసింది.

తెర లేచింది. నేను పక్క తెర చాటున, ఒక చేత గంట, ఒక చేత గడియారం పట్టుకుని, పెళ్లికొడుకులా నిలబడ్డాను. అన్న పాత్ర వేసినవాడు వీరన్న, గద్వాలలో చీరలు నేసే మనిషి. ఏమి నటన! కూర గిన్నె గోడ మీదికి రాగానే అతని చెయ్యి సగం దాకా లేచి, ఆగి, మీసం దువ్వుకోవడానికే లేచినట్టు నటించింది. నేను మూడో వరుసకేసి చూశాను. నాయిన కంట్లో నలుసు పడ్డట్టు తుడుచుకుంటున్నాడు. చిన్నాయిన ముక్కు చీదుతున్నాడు. పనిచేస్తోంది! నాటిక పనిచేస్తోంది!

ఐదు గంటల ముప్పై ఐదు నిమిషాలకు కరెంటు పోయింది.

తలుపులు, కిటికీలు మూసిన మందిరంలో కారుచీకటి. ఎవరో ఈల వేశారు. ఇంకెవరో, "వీరన్నా, గిన్నె తీసుకో, ఎవరు సూస్తలేరు!" అని అరిచారు. నటులు ఎక్కడివారక్కడ నిలబడిపోయారు. తొమ్మిది నిమిషాల తరువాత దీపాలు వెలిగాయి. చప్పట్ల మధ్య వీరన్న ఆపిన మాట దగ్గరే అందుకున్నాడు.

నాకు మాత్రం ఒక చిక్కు వచ్చిపడింది. ఆ తొమ్మిది నిమిషాలు లెక్కలోకి వస్తాయా, రావా? నియమాల కాగితం తీశాను. "తెర లేచిన క్షణం నుండి అరవై నిమిషములు" అని ఉంది. కరెంటు ఊసే లేదు. మినహాయించవచ్చు కదా అని మనసు అన్నది. వెంటనే నాలోని పట్టభద్రుడు కళ్లెర్ర చేశాడు: 'ఈ నాటిక పూర్తి కావడంలో నీ సొంత ఇంటి లాభం ఉన్నది. నీ లాభం కోసం నియమాన్ని వంచుతావా?' ఎంత గొప్ప ప్రశ్న! నా నిజాయితీకి నాకే ఒళ్లు పులకరించింది. పెద్దసారును అడిగితే సరిపోయేది; ఆయన పది అడుగుల దూరంలో, మొదటి వరుసలో ఉన్నారు. కానీ పులకరింతలో ఉన్నవాడు ఎవరినీ ఏమీ అడగడు. కరెంటు, గడియారం అనే రెండు మాటలూ పక్కపక్కన చూసిన పాఠకులకు మా ఊరి బోరు ఈపాటికే గుర్తుకు వచ్చి ఉంటుంది. నాకు రాలేదు.

ఆరు గంటల ఐదు నిమిషాలకు గంట కొట్టాను. వేదిక మీది వీరన్న నా వైపు వింతగా చూసి, ఈ కుర్రసారు తొందరపడ్డాడులే అన్నట్టు నవ్వుకుని, నింపాదిగా మీసం దువ్వుకున్నాడు. పాపం, చీకటి సమయం లెక్కలోకి రాదనే అతని నమ్మకం.

తెర తాడు పట్టుకున్నవాడు యాదయ్య. ఆరు గంటల పది నిమిషాలు అవుతుండగా అతనికి సైగ చేశాను.

"సారూ, ఇంకా అయిపోలే. అన్న గడ్డపార ఎత్తుతుండు, సూడున్రి!"

"సమయమైంది యాదయ్యా."

"ఒక్క నాలుగు నిమిషాలు సారూ! జనం పరేషాన్ అయితరు!"

"నియమం నియమమే."

యాదయ్య కదలలేదు. నేనే తాడు లాగాను.

అవతల దృశ్యం ఏమిటంటే, వీరన్న రెండు చేతులా గడ్డపార ఎత్తి ఉన్నాడు. తమ్ముడు కళ్లు మూసుకుని ఉన్నాడు. వారి మధ్య గోడ చెక్కుచెదరకుండా ఉంది. తెర పడింది.

మరుక్షణమే ఒక ఆడమనిషి గొంతు మందిరమంతా మోగింది: "అయ్యో, తోడవుట్టినోన్నే సంపిండు ముండాకొడుకు!"

నేను పక్క తెర సందులోంచి చూశాను. చిన్నాయిన ముఖం సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. అతను మెల్లగా తల తిప్పి, తువ్వాల మీదుగా మా నాయినను, ప్రత్యేకించి మా నాయిన చేతులను చూశాడు. ఇరవై అడుగుల దూరంలో అనుకున్న బోరు ఇరవై మైళ్ల దూరంలో వేయించుకోవాలన్న కోరిక ఆ చూపులో కనిపించింది.

పెద్దసారు పరుగున వచ్చారు. "తెర ఎందుకు దించినవు నర్సిములూ?"

విషయం అందరికీ తెలియాలన్న సదుద్దేశంతో నేను మైకు అందుకున్నాను. నా పేరు మైకులో వినిపిస్తుందని మాట ఇచ్చానుగదా, నేనే చెప్పుకున్నాను. "సమయపాలకుడు నర్సిములు మనవి చేయునది ఏమనగా, కరెంటు లేని తొమ్మిది నిమిషములు కూడా లెక్కలోనికి వచ్చును. ఈ నాటికకు సమయము ముగిసినది."

మూడో వరుసలో ఒక కుర్చీ దబ్బున వెనక్కి పడింది. లేచింది మా నాయిన.

"ఓరి నీ సదువు మన్నుల గలువ! కరెంటు లేని టైము ఎట్ల లెక్క వెడ్తవురా?"

రెండో కుర్చీ పడింది. చిన్నాయిన! అతను నాయిన కన్నా గట్టిగా అరిచాడు.

"అవ్ మల్ల! చీకట్ల వాళ్లేం ఆడిండ్రు, మేమేం సూసినం? కరెంటు పోతే వాళ్ల వంతు ఎట్ల అయిపోతదిరా? పోయినంత సేపు ఎన్కకు ఇయ్యాలె! గంత సదివినవు, గిది తెల్వదా?"

మందిరమంతా చప్పట్లు. చప్పట్లు కొట్టనివాడు మా నాయిన ఒక్కడే. నోరు తెరిచి తమ్ముణ్ణి చూస్తున్నాడు. తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు.

"కిష్టిగా."

ఆరేళ్ల తరువాత బర్రె సాయం లేకుండా పలికిన మొదటి మాట అది.

"ఇప్పుడేమన్నవో మల్లొకసారి అను."

చిన్నాయిన చెయ్యి ఇంకా నా వైపే చూపిస్తోంది. ఆ చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది. తానేమన్నాడో తనకు అప్పుడే వినబడింది.

"నేను... నాటిక సంగతి జెప్తున్న."

"పోయినంత సేపు ఎన్కకు ఇయ్యాలె అన్నవు. ఇంతమంది విన్నరు."

"అన్నా, గది వేరే..."

"ఏంది వేరే? గా కరెంటు, గీ కరెంటు ఒక్క తీగెల రాదా?"

చిన్నాయిన కొంతసేపు గడ్డం గోక్కున్నాడు. "వస్తది" అన్నాడు చివరికి. ఆ వెంటనే నన్ను చూసి, "గీ గాడిద గంట కొట్టకుంటే నాకు యాదికే రాకపోవు" అన్నాడు.

"గాడిదనా? గాడిద నయం. అన్న తమ్ముని సంపినట్టు జేసిండు గదరా వీడు!"

"నేను గూడ సంపిండనే అనుకున్ననన్నా. జర బయపడ్డ."

"నీ అవ్వ, నేనెందుకు సంపుతరా నిన్ను?"

"ఏమో, గడ్డపారైతే ఇంట్ల ఉన్నది గద."

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తడుతూ, నా చదువును ఒకరి తరువాత ఒకరు తిడుతూ, జనాన్ని తోసుకుంటూ బయటి ఛాయ్ బండి దిక్కు నడిచారు.

పెద్దసారు నా చేతిలోంచి గంట తీసుకున్నారు. "నియమాలు రాసినప్పుడు కరెంటు పోతదని మాకు తట్టలేదు" అన్నారు. "వనపర్తిల ఉండి తట్టలేదా సారూ?" అని వెనక వరుస నుంచి ఎవరో అడిగారు. మళ్లీ తెర లేపించారు. వీరన్న గడ్డపార అప్పటికీ గాలిలోనే ఉంది. "తొందరగ కానియ్యున్రి, చేతులు గుంజుతున్నయి" అన్నాడు. మిగిలిన నాలుగు నిమిషాలూ ఆడారు. గోడ కూలింది. అన్నదమ్ములు కౌగిలించుకున్నారు. మూడు వందల మంది కళ్లు తుడుచుకున్నారు. తడవాలని నేను కోరుకున్న రెండు జతల కళ్లు మాత్రం బయట ఛాయ్ తాగుతున్నాయి. వారం రోజులు కలలుగన్న నా ముగింపును నాయినా చిన్నాయినా ఈనాటి వరకూ చూడలేదు.

కావున, పట్టా సాక్షిగా, పద్నాలుగు నియమాల సాక్షిగా, మూడు దూడల తల్లి అయిన మా బర్రె సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో గంట ముట్టను, తెర తాడు లాగను, ఎవరి గడ్డపార ఎంతసేపు గాలిలో ఉండాలో నిర్ణయించను. నాటికకు పోతే మూడో వరుసలో కూర్చుని, ఇతరులకు వినబడనంత మెల్లగా ఏడుస్తాను.

సోమవారం బోరు బండి రాలేదు. మరుసటి ఏడాది పోటీల కాగితంలో పదిహేనో నియమం చేరింది. మా బోరు దగ్గర కరెంటు పోతే తరువాతి వంతు అంతసేపు వెనక్కి జరుగుతుంది. ఎంతసేపు జరపాలో అన్నదమ్ములిద్దరే మాట్లాడుకుంటారు, నన్ను అడగరు.