పాల సైకిల్ పక్కన ఉరుకుడు

మొదటిసారి కానిస్టేబుల్ సెలక్షన్ల నేను పరుగులనే ఫెయిలైన. ఆరు చుట్లు ఉరకాలె. విజిల్ ఊదంగనే పులి ఎంటవడ్డట్టు ఉరికి, నాలుగో చుట్టుల కండ్లు తిరిగి కూలవడ్డ. రెండువేల సంవత్సరం దాటినంక మళ్లా నోటిఫికేషన్ పడ్డది. వయసు లెక్కన నాకు అదే ఆఖరు. ఇది గూడ పోతే ఇగ ఖాకీ బట్టలు వేరేటోళ్ల ఒంటి మీద సూసుడే.

మా బాపు పాలు పోసెటోడు. తెల్లారంగనే సైకిల్‌కు క్యాన్లు కట్టుకొని గుండ్లపోచంపల్లి నుంచి మచ్చ బొల్లారం పోతుండె. "నా ఎంబడి ఉరుకు బిడ్డా, ఒక్కదానివే రోడ్డు మీద ఎందుకు?" అన్నడు. సరే అని బయలెల్లిన. నిండు క్యాన్లతోని ఆ సైకిల్ ఏం ఉరుకుతది! నేను జర ముందుకు పోతే, "ఏందే, నేను మాట్లాడుతుంటే ఎటు పోతున్నవ్?" అని కోపం జేసెటోడు. బాపుకు నోరు ఊకుండదు. ఎవరి బర్రె ఈనింది, ఎవరింట్ల లగ్గం కుదిరింది, అన్నీ చెప్తడు. అన్నిటికి నేను జవాబియ్యాలె. ఇయ్యకపోతే సైకిల్ ఆపి అలుగుతడు.

"బాపు, ఉరకమంటవా, ముచ్చట్లు వెట్టమంటవా?"

"రెండూ జెయ్యి. మాట రాకుంట ఉరికితే అది ఉరుకుడు కాదే, పారిపోవుడు."

మస్తు చిరాకు లేసేది. మొదటి వారం రైల్వే గేటు దాటంగనే ఆయాసమొచ్చి, సైకిల్ కడ్డీ మీద కూసొని పోయిన. రెండు నెలలు తిరిగెసరికి బొల్లారం దాకా ఆగకుంట ఉరికిన, దారి పొడుగూత బాపుతోని కొట్లాడుకుంటనే. అప్పుడు సమజైంది, మాట్లాడేంత ఊపిరి మిగుల్చుకుంటే కాళ్లు ఎంత దూరమైనా వస్తయని. వారానికొక్క రోజు, వాపస్ వచ్చేటప్పుడు క్యాన్లు ఖాళీగుంటయ్ గదా, "ఇగ సూద్దాం రా!" అని జల్దీ జల్దీ తొక్కెటోడు. ఆ రోజు పానం వెట్టి ఉరికేదాన్ని. మర్నాడు మాత్రం ఇంట్లకెల్లి కదలనియ్యకపోతుండె.

సెలక్షన్ నాడు బాపు గ్రౌండ్ కంచె బయట నిలవడ్డడు. విజిల్ ఊదిండ్రు. అందరు ఒక్కసారే దూకి ముందుకు పోయిండ్రు. ఎనుకకెల్లి నేను రెండోదాన్ని. అంతట్ల కంచె అవతలికెల్లి ఒకటే కేక: "ఉరుకవే బిడ్డా! అందరు పోయిండ్రు! ఉరుకవే!"

ఇన్ని నెలలు నన్ను ఆపినోడే! కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ మాట ఇంటే మళ్లా నాలుగో చుట్టుల పడిపోత. ఇనలే. నా తీరుగనే పోయిన. నాలుగో చుట్టుల ఒక్కొక్కలే ఆగిపోవుడు షురువైంది. ఆఖరు చుట్టుల నా దగ్గరున్న బలమంత ఇడిసిన. టైంలనే గీత దాటిన. నా నంబర్ రాసుకున్నరు.

బయటికొచ్చి సూస్తే బాపు కంచె మూలకు నేల మీద కూసున్నడు. చెప్పులు ఎక్కడ పోయినయో ఆయనకే తెల్వదు. కంచె పొడుగూత, నాతోపాటు, ఉత్త కాళ్లతోని ఉరికిండట. పాదాల నిండ పల్లేరుగాయలు. నాకు నవ్వాగలే, కండ్లల్ల నీళ్లూ ఆగలే. ఒక కాలు ఒళ్లె వెట్టుకొని ముండ్లు తీసుడు మొదలువెట్టిన.

"పరుగుల పాసైన బాపు. ఎందుకట్ల ఒర్రినవ్?"

"భయమైందే బిడ్డా," అన్నడు. "ఇన్ని నెలలు నేను చెప్పిందే తప్పేమో, నీ నౌకరి నేనే కరాబు జేసిన్నేమో అనుకున్న."

"ఆ కాలు గూడ ఇటియ్యి," అన్న.