బాలమ్మ బిగించిన బిళ్ల

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక మెకానిక్ పర్వతాలు కొన్ని నెలలు ఇంట్లోనే ఉన్నాడు. మంచం మీద పడుకుని, సందులోంచి పోయే ప్రతి బండి చప్పుడూ వింటూ, "గీ బండికి టైమింగ్ తప్పింది", "గా బండి సైలెన్సర్ పగిలింది" అంటూ ఒక్కడే గొణుక్కునేవాడు. చివరికి ఒకరోజు భార్యతో అన్నాడు.

"నన్ను షెడ్డుకాడ కూసోబెట్టు బాలమ్మా. ఇంట్లుంటే పిచ్చి లేస్తది."

చిలకలగూడలో, స్టేషన్‌కు పోయే రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఉంది ఆ షెడ్డు. ఎవరిదో పాత ప్రహరీగోడకు రేకులు ఆనించి కట్టుకున్నది. ఒకప్పుడు దాని ముందు అంబాసిడర్లూ ఫియట్లూ వంతు కోసం నిలబడి ఉండేవి. బాలమ్మ అప్పట్లో ఒక స్కూలు హాస్టల్లో వంట చేసేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చి షెడ్డు బయటే పెట్టి వెళ్లిపోయేది. గ్రీజు వాసన ఆమెకు పడేది కాదు.

బన్సీలాల్‌పేటలో ఇస్త్రీబండి నడిపినవాళ్ల బిడ్డ ఆమె. పని అంటే భయం లేదు. భర్తను చూసుకోవడానికి వంటపని మానేసి, రోజూ అతని వెంట షెడ్డుకు వచ్చి తాళం తీయడం మొదలుపెట్టింది. మొదట్లో అడిగిన పానా చేతికిచ్చేది. అతని ఎడమచెయ్యి పట్టు తప్పుతుంటే తానే పట్టుకుని తిప్పేది. అలా అలా ఆయిల్ మార్చడం, ప్లగ్గులు తోమడం, ఫ్యాన్ బెల్టు వెయ్యడం వచ్చాయి. పర్వతాలు స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, ఆమె చేసేది. గ్రీజు వాసన ఎప్పుడు అలవాటైందో ఆమెకే తెలియదు.

కానీ బండ్లు రావడం తగ్గిపోయింది. వచ్చినవాళ్లు చీర కొంగు నడుముకు చుట్టుకుని బానెట్ మీదికి వంగిన ఆడమనిషిని చూసి, "మళ్లొస్త అన్నా, అర్జెంటు పని గుర్తుకొచ్చింది" అని రివర్సు గేరు వేసేవాళ్లు. బాలమ్మకు నవ్వొచ్చేది. పర్వతాలుకు మాత్రం ఆ పూట అన్నం దిగేది కాదు.

ఆ సంగతి తెలిసి బాలమ్మ తమ్ముడు విజయేందర్ ఒక దారి చూశాడు. కాప్రాలో చెరువు దగ్గర కొత్త అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మెన్ కావాలి. ఉండటానికి కింద ఒక గది. గేటు తీసి పెట్టడానికి ఎడమచెయ్యి చాలు. పర్వతాలు సరేనన్నాడు. నెలాఖరుకు షెడ్డు ఖాళీ చెయ్యాలనుకున్నారు. బాలమ్మ పానాలన్నీ కిరసనాయిలుతో తుడిచి డబ్బాలో సర్దడం మొదలుపెట్టింది. సర్దినవాటిని మర్నాడు మళ్లీ బయటికి తీసేది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం ఆర్థర్ సార్ వచ్చాడు. స్కూల్లో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఆయన మీగడరంగు అంబాసిడర్‌ను పర్వతాలు తప్ప ఇంకెవరూ ముట్టుకునేవాళ్లు కారు. ఆ బండిని ఈసారి ట్రాలీ ఆటో వెనక తాడుతో కట్టి లాక్కొచ్చారు.

"నీళ్లు పోస్తే నిలవడం లేదు పర్వతాలూ. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటిపోతోంది. నీకు ఒంట్లో బాగా లేదని ఇంకో రెండు చోట్ల చూపించాను. ఇంజను దింపాలన్నారొకరు. ఇంకొకాయన తుక్కుకు ఇచ్చేయండి సార్ అన్నాడు."

"కొత్త బండి కొనుక్కోరాదు సార్?" అంది బాలమ్మ. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది.

ఆర్థర్ సార్ బండి తలుపు మీద చెయ్యి వేశాడు. "మా ఆవిడ మేబెల్‌కు మోకాళ్లు రెండూ ఆపరేషన్ చేశారమ్మా. ఆటో ఎక్కలేదు. ఇప్పటి కార్లు మరీ కిందికి ఉంటాయి, కూర్చోలేదు, లేవలేదు. ఈ సీటొక్కటే ఆమెకు సరిపోతుంది. ఆపరేషన్ అయ్యాక చర్చికే పోలేదు. ఈ ఆదివారం క్వయర్‌లో పాడతానని మాటిచ్చింది. వారమంతా ఇంట్లో అదే పాట."

పర్వతాలు స్టూలు ముందుకు జరుపుకున్నాడు. రేడియేటర్‌లో నీళ్లు పొయ్యమన్నాడు. బాలమ్మ పోసి, టార్చి వేసి, అతను చెప్పిన చోటల్లా చూసింది. గొట్టాలు పొడిగా ఉన్నాయి. పంపు పొడిగా ఉంది. ఇంజను పక్కన, పొగ పోయే మానిఫోల్డ్ వెనక, చీకట్లో ఎక్కడో సన్నగా తుప్పురంగు ధార కారుతోంది.

"ఆడ గుండ్రంగ ఒక బిళ్ల లెక్క ఉన్నది. దాని అంచుకెంచి వస్తున్నయి నీళ్లు."

"డమ్మీ పోయింది," అన్నాడు పర్వతాలు.

ఇంజను చుట్టూ నీళ్లు తిరగడానికి లోపల దారులుంటాయి. పోత పోసినప్పుడు మిగిలిన రంధ్రాలను బయటి నుంచి గిన్నెలాంటి చిన్న ఇనుప బిళ్లలతో మూసేస్తారు. ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగి ఆ బిళ్లల్లో ఒకటి లోపలి నుంచి తినుకుపోయింది.

"దీన్నే ఫ్రీజ్ ప్లగ్ అంటారు," అన్నాడు ఆర్థర్ సార్ ఉత్సాహంగా. "చలిదేశాల్లో ఇంజన్లో నీళ్లు గడ్డకడితే బ్లాకు పగలకుండా ఈ బిళ్ల బయటికి తోసుకొస్తుందని చెబుతారు."

"మన సికింద్రాబాద్ల గడ్డకట్టుడు యాడిది సార్, ఉడుకుడే గానీ," అని నవ్వాడు పర్వతాలు. చాలా రోజులకు నవ్వాడు. వెంటనే ముఖం మారిపోయింది. "ఇంజను దింపే పని లేదు. కానీ నాతోని కాదు సార్. అది సుత్తె పని. చెయ్యి నిలవాలె."

"చేస్తం సార్. బండి పెట్టి పోండ్రి," అంది బాలమ్మ.

ఆయన అటు వెళ్లగానే పర్వతాలు విరుచుకుపడ్డాడు. "ఎవరినడిగి ఒప్పుకున్నవ్? ఆయిల్ పోసుడు గాదు ఇది. పాత బిళ్ల లోపల పడితే తియ్యనీకి రాదు. ఆయన బండి పాడు చేసి పోతమా కాప్రాకు?"

"పోయేటోళ్లం ఒక మంచి పని చేసి పోదం. నువ్వు చెప్పు, నేను చేస్త. గంతే."

మానిఫోల్డ్ నట్లు తుప్పుపట్టి బిర్రబిగుసుకుపోయాయి. కిరసనాయిలు పోసి నానబెట్టి, ఒక్కొక్కటీ కదిలించి విప్పేసరికి ఆ రోజంతా పట్టింది. మర్నాడు పాత బిళ్ల అంచు మీద ఉలి పెట్టి కొట్టమన్నాడు పర్వతాలు. నడుమ కాదు, అంచు మీదే. కొడుతుంటే బిళ్ల ఒకవైపు లోపలికి వంగి, రెండోవైపు బయటికి లేచింది. కట్టింగ్ ప్లయర్‌తో పట్టి లాగింది. బిళ్లతోపాటు లోపల నిలిచిన ఎర్రనీళ్లు ఒక్కసారిగా చిమ్మి ఆమె ముఖమూ రవికా తడిసిపోయాయి. బిళ్లను వెలుతురులో పెట్టి చూస్తే చిల్లుల్లోంచి ఆకాశం కనిపించింది.

ఆ బిళ్లను రుమాలులో మూటగట్టుకుని బాలమ్మ రాణిగంజ్‌కు బస్సెక్కింది. స్పేర్ పార్టుల దుకాణాలన్నీ తిరిగితే చివరికి కిషన్ అనే ముసలాయన అటక మీది డబ్బా దింపి, కొలత సరిచూసి ఇచ్చాడు.

"రెండియ్యండ్రి," అంది బాలమ్మ.

"ఒక్కటేగా పోయింది?"

"కొట్టేది నేను. మొదటిది కరాబైతది."

అన్నంత పనీ అయింది. రంధ్రం గీకి, గరుకు కాగితంతో రుద్ది, పర్వతాలు ఎడమచేతి వేలితో తడిమి సరే అనేదాకా నున్నగా చేసింది. అంచుకు నీళ్లు కారకుండా సీలెంట్ పూసింది. బిళ్ల లోపల సరిపోయే సాకెట్ పెట్టి, దానికి రాడ్ తగిలించి, మడ్‌గార్డ్ మీద బోర్లా వంగి కొట్టింది. పైనుంచి సుత్తి ఆడటానికి చోటే లేదు. దెబ్బ ఏటవాలుగా పడింది. బిళ్ల ఒక పక్కకు ఒరిగి ఇరుక్కుపోయింది. బయటికి తీసి చూస్తే అంచు మడతపడి ఉంది.

"చెప్తనే ఉన్న! సక్కగ కొట్టమని చెప్తనే ఉన్న!" పర్వతాలు కేకలేశాడు. స్టూలు మీంచి లేచి, ఆమె చేతిలోంచి సుత్తి లాక్కున్నాడు. రెండో బిళ్లను రంధ్రం దగ్గర పెట్టి, చచ్చుపడిన కుడిచేతి వేళ్లను రాడ్ చుట్టూ ముడిచి, ఎడమచేత్తో కొట్టబోయాడు. సుత్తి రాడ్ మీద కాదు, కుడిచేతి వేళ్ల మీద పడింది.

రక్తం కారింది. కానీ అతను అబ్బా అనలేదు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంకో దెబ్బ కొట్టడానికి సుత్తి ఎత్తుతున్నాడు.

"ఆగు!" అని బాలమ్మ అరిచింది. అప్పుడు చూసుకున్నాడు తన చేతిని. దెబ్బ తగిలినట్టే తెలియలేదు.  ఆమె వేళ్లు కడిగి గుడ్డపేలిక కట్టింది. అతను పిల్లాడిలా చెయ్యి ఇచ్చి కూర్చున్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు.

"కాప్రాకు పోదం బాలమ్మా. గేటు తీసుకుంట కూసుంట."

ఆమె కట్టు ముడి వేసి, బండి వైపు చూస్తూ ఉండిపోయింది. పైనుంచి దెబ్బ ఏటవాలుగా పడుతోంది. కింది నుంచైతే ఆ రంధ్రానికి ఎదురుగా చెయ్యి పోతుంది. భర్త ఒంట్లో బాగున్న రోజుల్లో సగం పనులు బండి కింద వెల్లకిలా పడుకునే చేసేవాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. నడివీధిలో, పదిమంది పోయే చోట ఆడమనిషి అలా పడుకోవడమనే మాట ఇద్దరి నోటా ఇన్నాళ్లూ రాలేదు.

"నీ ఖాకీ పాయింటు యాడున్నది?"

"ఎందుకు?"

"చీరతోని కింద దూరొస్తదా?"

పర్వతాలు నోరు తెరిచి చూశాడు. "నలుగురు చూస్తరే."

"చూడనియ్. బండి బాగైందో లేదో సుత వాళ్లే చూస్తరు."

ఇంటికెళ్లి ఖాకీ పాయింటూ చొక్కా వేసుకుని, నడుముకు గుడ్డపేలిక బిగించుకుని వచ్చింది. ఎదురుగా కిరాణా కొట్టు నడిపే ఊర్మిళ కౌంటర్ వదిలి బయటికొచ్చింది.

"ఏందక్కా గీ వేషం?"

"వేషం గాదే, పని."

ఊర్మిళ ఒక్క క్షణం నిలబడి, లోపలికెళ్లి పెద్ద అట్టపెట్టె చింపి తెచ్చి బండి కింద పరిచింది. "రాళ్లు గుచ్చుకుంటయ్, దీని మీద పండుకో," అంది.

పర్వతాలు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించి, బండిని జాకీతో లేపించి, కింద చెక్కలు పేర్పించి, అన్నీ రెండుసార్లు చూసుకుని గానీ ఆమెను కిందికి పోనివ్వలేదు. లోపలికి జరిగాక బాలమ్మకు ఆ ఇంజను మొదటిసారి కింది నుంచి కనిపించింది. మట్టి, నూనె పేరుకుని నల్లగా ఉంది. రంధ్రం సరిగ్గా ఎదురుగా ఉంది. రెండో బిళ్ల పెట్టి, సాకెట్ ఆనించింది.  ఇది పోతే ఇంకోటి లేదు.

"నడుమల పెట్టినవా?" పైనుంచి పర్వతాలు గొంతు.

"పెట్టిన."

"మెల్లగ. మొదలు పట్టు దొరకనియ్. ఊఁ, కొట్టు."

కొట్టింది. అతనికి ఏమీ కనిపించదు. చప్పుడు వింటున్నాడు. బిళ్ల ఇంకా వదులుగా ఉన్నంతసేపు బోలుగా మోగింది. "కుడిపక్క జెర లేచినట్టుంది. సరిజెయ్యి." చేసింది. "ఇంకోటి. ఇంకోటి." చప్పుడు చిక్కబడుతూ వచ్చింది. చివరి దెబ్బ గట్టి బండ మీద పడ్డట్టు మోగింది.

"ఇగ చాలు! ముట్టకు!"

అన్నీ మళ్లీ బిగించి, ఈసారి బోరు నీళ్లు కాకుండా తుప్పు పట్టనివ్వని కూలెంట్ పోసి, ఇంజను స్టార్ట్ చేశారు. ముల్లు మెల్లగా పైకెక్కి మధ్యలో ఆగింది. బండి కింద ఊర్మిళ పరిచిన అట్ట అలాగే ఉంది. ముగ్గురూ దాని వైపే చూస్తూ నిలబడ్డారు. ఇంజను బాగా వేడెక్కింది. అట్ట మీద ఒక్క చుక్క కూడా పడలేదు. పర్వతాలు ఎడమచేత్తో బానెట్ మూసి, దాని మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాడు.

శనివారం ఆర్థర్ సార్ వచ్చి బండి చుట్టూ తిరిగి, "ఎలా చేశావయ్యా, ఈ చేత్తో?" అన్నాడు.

"నేనేం చెయ్యలే సార్. ఆమెనే చేసింది. నేను కూసోని ఒర్రిన."

ఆదివారం చర్చి అయ్యాక అంబాసిడర్ మళ్లీ ఆ సందులోకి వచ్చింది. వెనక సీట్లో తెల్లచీరలో మేబెలమ్మ ఉంది. ఆర్థర్ సార్ తలుపు తీస్తే, చేతికర్ర ఆనుకుని మెల్లగా దిగింది.

"పాడిండ్రా అమ్మా?" అని అడిగింది బాలమ్మ.

"రెండో చరణం దాకా పాడాను. తర్వాత ఊపిరి అందలేదు. మిగతావాళ్లు అందుకున్నారు." ఆమె ముఖం వెలిగిపోతోంది. "వచ్చే వారం మొత్తం పాడతాను." నూనె మరకలు పోని బాలమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకుని, మాట్లాడినంతసేపూ వదల్లేదు.

ఆ సాయంత్రమే విజయేందర్ ఫోన్ చేశాడు, సామాను ఎప్పుడు తెస్తారని. పర్వతాలు ఫోన్ భార్యకిచ్చాడు. "నువ్వే చెప్పు."

"ఇప్పట్ల రాం తమ్మీ. ఇంకెవర్నన్న చూడుమను. కోపం చేసుకోకు," అంది ఆమె. విజయేందర్ కొంచెం గునిశాడు గానీ, మరుసటి నెలలో తన బండికే బ్రేకులు పట్టడం లేదని అక్క దగ్గరికే తెచ్చాడు.

ఇప్పుడు ఆ షెడ్డు ముందు బండ్లు బారులు తీరి ఉంటాయని కాదు. ఆర్థర్ సార్ చెప్పగా చర్చివాళ్లు కొందరు, ఊర్మిళ చెప్పగా ఆ సందులోవాళ్లు కొందరు వస్తున్నారు. చూసి వెనక్కి తిరిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పర్వతాలు అన్నం మాత్రం మానడం లేదు. డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేస్తూ, కుడిచేతి వేళ్లతో నట్లు ఏరి డబ్బాలో వేయడం అలవాటు చేసుకున్నాడు. సగం కింద పడతాయి. మళ్లీ ఏరుతాడు.

బాలమ్మ ఈమధ్య కార్బొరేటర్ విప్పడం మొదలుపెట్టింది. అది అతనికి ప్రాణం లాంటి పని. ఒక స్క్రూ ఎక్కువ తిప్పినా ఊరుకోడు. "గట్ల కాదే!" అని అతనూ, "అయితే నువ్వే రా!" అని ఆమె కూడా అరుచుకుంటుంటే ఎదురుగా ఊర్మిళ కౌంటర్ మీద మోచేతులాన్చి నవ్వుతుంటుంది.