కాశ్యప గోత్రపు జర్మన్

సింగపూర్‌లో, యూ టీ పేటలోని పార్థసారథి ఇంట్లో మహాలయ అమావాస్యనాడు ఒక జర్మన్‌కి తర్పణం వదులుతారంటే ఎవరు నమ్ముతారు? ముప్పై ఏళ్ళుగా వదులుతున్నారు. గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పమన్నారు పెద్దలు. అలా కమాండర్ లుడ్విగ్ ఫాల్క్ మనవాడైపోయాడు.

ఇదంతా పార్థసారథి తండ్రి వెంకటరాజు పెట్టిన ఆనవాయితీ. కాకినాడ మనిషి. యుద్ధకాలంలో సరుకుల ఓడలో స్టోర్‌కీపరు. ఫాల్క్ సబ్‌మెరైన్ ఆ ఓడను ముంచేసింది. లైఫ్‌బోటులో గుక్కెడు నీళ్ళు లేక నాలుకలు పిడచకట్టుకుపోతుంటే, రెండోరోజు అదే సబ్‌మెరైన్ పైకి తేలి, నీళ్ళూ రొట్టే ఇచ్చి, ఒడ్డు ఎటుందో చూపించిందట. యుద్ధం అయ్యాక సింగపూర్ హార్బర్లో కుదురుకున్న వెంకటరాజు, ఆ కమాండర్ని బతికినన్నాళ్ళూ దేవుడనే చెప్పాడు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా! ఆ వారంలోనే ఇంకో ఓడలో పోయిన సొంత అన్న రమణ సంగతి ఎత్తితే మాత్రం లేచి వెళ్ళిపోయేవాడు.

పార్థసారథికి డెబ్బై దాటాయి. ఫాల్క్ తండ్రి పేరైనా తెలిస్తే తర్పణం పద్ధతిగా వదలొచ్చని ఆయన ఆశ. క్లెమెంటి దగ్గర యూనివర్సిటీలో రీసెర్చ్ చేసే కూతురు నిఖిలని అడిగాడు. అడక్కుండా ఉంటే ఎంత బాగుండేది! తండ్రి పేరు దొరకలేదు గానీ, ఫాల్క్ చరిత్రా, అతని సబ్‌మెరైన్ లాగ్‌బుక్ అనువాదమూ దొరికాయి. అట్లాంటిక్‌లో తొమ్మిది ఓడలు ముంచి పతకం పుచ్చుకున్నాడు. ఆఫ్రికా చుట్టి ఇటొచ్చి మరో రెండు. పెనాంగ్, సింగపూర్ రేవులు చూసి, చివరికి జావా సముద్రంలో మునిగాడు.

లాగ్‌బుక్ చదువుతుంటే ఆ రెండు ఓడల దగ్గర నిఖిల గొంతు తగ్గింది.

“లైఫ్‌బోటులో ఇంగ్లీషు తెలిసిన ఇండియన్ స్టోర్‌కీపర్ని ప్రశ్నించాం. మొదట చెప్పలేదు. నీళ్ళు చూపించాక చెప్పాడు. వెనక మరో ఓడ ఇదే దారిలో వస్తోంది. నీళ్ళు ఇచ్చాం.”

మర్నాటి పేజీలో ఆ ఓడను ముంచామనీ, ఎవరూ మిగల్లేదనీ ఉంది. అది రమణ ఎక్కిన ఓడ. అన్నదమ్ములిద్దరూ ఒకే రేవులో ఎక్కారు. వెనక వచ్చే ఓడలో ఎవరున్నారో వెంకటరాజుకి తెలియకపోవడమా?

“ఆ పేజీ మళ్ళీ చదువు,” అన్నాడు పార్థసారథి.

“లీవిట్ లా, వదిలెయ్ నాన్నా. అప్పటికి తాత నాకంటే చిన్నోడు,” అంది నిఖిల.

అమావాస్య పొద్దున తర్పణానికి కూర్చున్నాడు. మొదట తండ్రి పేరే చెప్పాలి. ఇన్నేళ్ళూ నాచేత ఎవరికి నీళ్ళు పోయించావని కోపం ముంచుకొచ్చింది. వరస తప్పించి ముందు పెదనాన్న రమణకి వదిలాడు. ఫాల్క్ దగ్గర చెయ్యి ఆగలేదు. శత్రువు శత్రువు పనే చేశాడు. ఇక మిగిలింది తండ్రి. చెంబు దగ్గరికి లాక్కున్నాడు.

నువ్వులు చేతిలోకి తీసుకున్నాడు. మూడుసార్లు వదిలితే చాలు. నాలుగోసారీ వదిలాడు. అయిదోసారీ. చెంబు ఖాళీ అయితే నిఖిల మళ్ళీ నింపి తెచ్చింది.

“తాగు నాన్నా,” అన్నాడు పార్థసారథి. “ఇప్పుడు నిన్నెవరూ ఏమీ అడగరు.”