ఆరో తరగతిలో పెయ్‌యున్

తైవాన్‌లోని తైనాన్ ఊళ్లో మా బడిలో మూడో తరగతి పిల్ల పెయ్‌యున్, లెక్కల పాఠానికి మాత్రం రోజూ మేడెక్కి ఆరో తరగతికి వస్తుంది. కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకు అందవు. లెక్క తేలేదాకా కింది పెదవి కొరుకుతూనే ఉంటుంది. "పాలసీసా తెచ్చుకున్నావా పాపా?" అని వెనక వరుసవాళ్లు వెక్కిరిస్తే, "మీ తప్పులు దిద్దాక తాగుతాలే" అంటుంది.

కొత్త హెడ్మాస్టరు ల్యావ్ గారు నిన్న వచ్చి ఆమెకు భిన్నాల లెక్క ఇచ్చారు. మునివేళ్ల మీద నిలబడి బోర్డు మీద చేసేసింది. "ఎవరో బట్టీ పట్టించారు. పెద్దయ్యాక వద్దువుగాని, కిందికి పో" అన్నారాయన. పెయ్‌యున్ చెవులు ఎర్రబడ్డాయి. బోర్డును చొక్కా చేతితో తుడిచేసి, అదే లెక్కను మరో పద్ధతిలో చేసింది. "ఇంకో రెండు పద్ధతులున్నాయి మాస్టారూ. అవీ చేశాకే వెళ్తా" అంది. ఆయన ఖాళీ కుర్చీలో కూర్చున్నారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు, ఆయనతో సహా.