బానెట్ మీద చాయ్

మా ఉస్తాద్ పోయాడు. ఆ శనివారం పొద్దున నేను దుకాణం షట్టర్ ఎత్తుతుంటే వాళ్ల ఇంటి పక్కాయన ఫోన్ చేసి చెప్పాడు. ఛాతీలో పట్టేసినట్టు ఉందని సోడా తాగి పడుకున్నాడట, మళ్లీ లేవలేదట. షట్టర్ సగంలో వదిలేసి అట్లాగే నిలబడ్డాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ కోపమే ఉంది, దాన్ని దాచుకోవడం నాకు చేతకాదు.

ఇస్నాపూర్ రోడ్డు మీద నాది బండ్ల సామాన్ల దుకాణం. కర్దనూర్ దారిలో ఆయనది రేకుల షెడ్డు, వెనకాలే ఇల్లు. కంపెనీల జీపులూ వ్యాన్లూ బాగుచేసేవాడు. నట్టు కావాలన్నా రబ్బరు పైపు కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాడు. వచ్చినవాడు ఊరుకోడు కదా, స్టూలు లాక్కుని కూర్చుని నేను గిరాకీతో మాట్లాడే తీరుకు కూడా వంకలు పెట్టేవాడు. నన్ను సేటూ అనేవాడు. ఆయన భార్యను నేను వదినా అని పిలుస్తాను. ఆ ఇంట్లో నేను తిన్న అన్నానికి లెక్క లేదు.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. మూతబడ్డ కంపెనీ షెడ్డులో ఓనర్ వదిలేసి పోయిన పాత స్పోర్ట్స్ కారు. ఎర్రది, రెండే సీట్లు, నేలకు ఆనినట్టు ఉంటుంది. తుక్కు కింద పోతుంటే తెచ్చుకుని మళ్లీ రోడ్డెక్కించాడు. పరుగులో దానికి వంక పెట్టడానికి లేదు. నిలబడటమే రాదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినా ఇంజిన్ ఆగిపోకుండా సన్నగా తిరుగుతూ ఉండాలి, ఐడ్లింగ్ అంటాం. ఆ బండికి అదే లేదు. ఒకసారి గుర్రుమని లేచేది, ఒకసారి మూలిగేది, ఆఖరికి చచ్చేది.

వదినను మొదటిసారి ఎక్కించుకుని సంగారెడ్డి బయలుదేరిన రోజున అది ఇస్నాపూర్ చౌరస్తాలో, లారీల నడుమ ఆగిపోయింది. వెనక హారన్ల మోత. కంపెనీ డ్యూటీ బస్సు కిటికీల్లోంచి జనం తొంగిచూసి నవ్వారు. వదిన తలుపు తీసుకుని దిగి, షేర్ ఆటో ఎక్కి ఇంటికి పోయింది. సాయంత్రం ఆయన షెడ్డుకు రాగానే ఒక్క మాట అన్నదట.

"ముందు దానికి నిలవడుడు నేర్పు. అప్పుడు ఎక్కుత."

వదిన మాటంటే మాటే. ఆ రోజు నుంచి ఆయనకు ఇంకో ధ్యాస లేదు.

మా కంపెనీల బెల్టులో ఇట్లాంటి బండి వస్తే మెకానిక్ చేసే పని ఒకటే. గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ పక్కనున్న స్క్రూ తిప్పి స్పీడ్ పెంచేస్తాడు. బండి ఆగదు, ఊరికే నిలబడి కూడా రంకెలు వేస్తుంది, ఓనర్ సంతోషంగా వెళ్లిపోతాడు. నువ్వూ అదే చేయరాదా అని అడిగాను ఒకరోజు. ఆయన చేతిలోని పానా కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"స్క్రూ తిప్పితే మోత పెరుగుతది సేటూ. రోగం లోపల్నే ఉంటది."

ఎక్కడో గాలి దూరుతోందని ఆయన నమ్మకం. దాన్ని దొంగగాలి అనేవాడు. ఆ దొంగను పట్టడానికి ఇంట్లోని బట్టల సబ్బు తెచ్చేవాడు. సబ్బును తడిపి ముద్దచేసి, తిరుగుతున్న ఇంజిన్ అతుకుల మీద ఒక్కొక్కచోటే వేలితో మెత్తేవాడు. మెత్తినప్పుడు ఇంజిన్ చప్పుడు మారిందా, కన్నం అక్కడే ఉన్నట్టు. పనంతా అయ్యాక మెత్తినదంతా తుడిచేసేవాడు, అది మందు కాదు, పరీక్ష మాత్రమే అనేవాడు. సబ్బులు మాయమైపోతున్నాయని వదిన నా దుకాణానికి వచ్చి మరీ మొత్తుకునేది. ప్రతి సాయంత్రం చాయ్ తెప్పించుకుని, ఇంజిన్ తిరుగుతుండగానే గ్లాసు బానెట్ మీద పెట్టేవాడు. చాయ్ తొణక్కపోతే బండి బాగైనట్టు. నెలల తరబడి ఆ ఎర్ర రంగు మీద చాయ్ మరకలే.

ఆ నెలల్లోనే ఆయన ఛాతీ రుద్దుకోవడం మొదలుపెట్టాడు. నా దుకాణంలో కూర్చుని మాట మధ్యలో ఆగేవాడు, ముఖానికి చెమట పట్టేది. ఏంది ఉస్తాద్ అంటే గ్యాస్ అనేవాడు. పక్క మెడికల్ షాపులో గోలీ, ఎదురుగా సోడా. కాసేపటికి తగ్గేది. తగ్గింది కదా అనేవాడు. దవాఖానకు పోదాం పద అని నేను బండి తాళాలు చేతిలో పట్టుకుని నిలబడిన రోజులున్నాయి. పాత మాటే ఆయన మీదికి విసిరాను కూడా, రోగం లోపల్నే ఉంటదని నువ్వే కదా అంటివి అని. నేనేమన్న బండినా అని నవ్వాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"బండి నిలవడనీ సేటూ. మీ వదినను పక్కన కూసోబెట్టుకొని దాంట్లనే పోత దవాఖానకు."

ఇదీ నా కోపం. ఇనుప ముక్కకు వద్దన్న పనిని తన ఛాతీకి చేసుకున్నాడు. సోడా తాగి పైపైన సర్దుకున్నాడు, రోగాన్ని లోపలే వదిలేశాడు. ఇంజిన్‌కు ఇచ్చినంత గౌరవం తన ఒంటికి ఇవ్వలేదు. పోయినవాళ్లను తిట్టకూడదంటారు. నేను తిడుతూనే ఉన్నాను.

ఆఖరికి ఆ దొంగగాలి దొరికింది. కార్బురేటర్‌లో రేకు తిప్పే కడ్డీ అరిగిపోయి, దాని కన్నం వదులై, గాలి అక్కడ దూరుతోంది. పటాన్‌చెరులో లేత్ మీద ఆ కడ్డీ చుట్టూ బిగిసే కొత్త బుష్‌లు కోయించాడు. ఆ బండికున్న రెండు కార్బురేటర్ల దగ్గరా రబ్బరు పైపు చెవికి పెట్టుకుని, రెండింటి బుస ఒక్కతీరుగా వచ్చేదాకా వదల్లేదు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, నేను హలో అనగానే ఫోన్‌ను ఇంజిన్ దగ్గర పెట్టాడు. ఎక్కడా తడబడని ఆ చప్పుడు చాలాసేపు విన్నాను. ఆదివారం వదిన ఎక్కుతానన్నదని, దవాఖానకే పోతున్నామని చెప్పాడు. శనివారం పొద్దున పక్కాయన ఫోన్ వచ్చింది.

ఆయన్ని ఇంకా తీసుకుపోనే లేదు, చూడటానికి వచ్చినవాళ్లలో ఒకాయన షెడ్డులోకి పోయి బండి మీద కప్పిన పట్టా ఎత్తి చూస్తున్నాడు. ఇంట్లోవాళ్లకు దీంతో ఏం పని, అమ్ముతారేమో అడుగుతావా అని నన్నే అడిగాడు. నేను అన్న మాట ఇక్కడ రాసేది కాదు. పట్టా మళ్లీ నేనే కప్పాను.

దినాలు అయిపోయిన మర్నాడు వదిన కబురు పెట్టింది. వెళ్లేసరికి పట్టా తీసేసి ఉంది, తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"జెర చాలు చెయ్యి తమ్మీ. నిలవడ్డదని చెప్పిండు, నేను సూడలే."

స్టార్ట్ చేశాను, ఒక్క తిప్పుకే ఇంజిన్ అందుకుంది. కొంచెంసేపు వేడెక్కనిచ్చి కాలు తీసేశాను. ఆగిపో, ఈ ఒక్కసారి ఆగిపో అని మనసులో అనుకున్నాను, నిజం చెబుతున్నాను. ఆగలేదు. సన్నగా, ఒక్క తీరుగా తిరుగుతూ ఉండిపోయింది. నేను దిగి పక్కకు జరిగాను.

వదిన లోపలికి పోయి చాయ్ గ్లాసు తెచ్చింది. ఆయన పెట్టే చోటే, ఆ పాత మరకల మీదే పెట్టింది. తర్వాత చెప్పులు విడిచి, తలుపు తీసి, స్టీరింగ్ పక్కనున్న తన సీట్లో కూర్చుంది. ఆయన సీటు వైపు చూడలేదు. బంద్ చెయ్యనా వదినా అని అడిగితే చెయ్యి అడ్డంగా ఊపింది.

ఇంజిన్ తిరుగుతూనే ఉంది. గ్లాసులో చాయ్ చల్లారి మీద తొరక కట్టింది. ఒక్క చుక్క తొణకలేదు.